నెత్తిన స్లాబు, పడమట కిటికీ

మే 9 ప్రాంతంలో హైదరాబాదులో నీడ మాయమవుతుంది. మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, నిటారుగా పాతిన కర్రకు నీడే పడదు. బడిపిల్లలకు అదొక వేడుక. ఇంటాయనకు మాత్రం ఇంట్లోకి వేడి ఎటునుంచి దిగుతోందో ఆ రోజే తెలియాలి. ఏప్రిల్ చివరికి వచ్చేసరికి మన ప్రాంతంలో దక్షిణపు గోడ మీద పడే ఎండ చాలా తక్కువ. తూర్పు గోడ పొద్దున పూట, పడమటి గోడ సాయంత్రం పూట కాగుతాయి. కప్పుకు మాత్రం పూటల లెక్క లేదు. పొద్దున ఎనిమిదికి మొదలై సాయంత్రం ఐదు దాటేవరకు కాగుతూనే ఉంటుంది.

ఈ ఒక్క సంగతి పట్టుకుంటే, వేసవి రాగానే నలుగురూ చెప్పే సలహాల్లో గట్టివేవో తాలువేవో చాలావరకు తేలిపోతుంది. మన ఇళ్ళలో డబ్బు తిరగేసి ఖర్చవుతోంది. ముందు ఏసీ, తర్వాత కర్టెన్లు, డాబా సంగతి ఎప్పుడైనా కుదిరితే. వేడి లోపలికి వచ్చాక దాన్ని బయటికి తోడిపోయడం ఖరీదైన పని. రాకుండా అడ్డం పెట్టడం చవక. కప్పు, పడమటి కిటికీ, గాలి, నీళ్ళు, ఆ తర్వాతే యంత్రం. ఈ వరసలో వెళ్తే ఏసీ కొనే స్తోమత లేనివాళ్ళకూ దారి దొరుకుతుంది, ఉన్నవాళ్ళకు బిల్లూ తగ్గుతుంది.

ఇది సుఖం కోసం పడే తాపత్రయం మాత్రమే అనుకోవడానికి లేదు. 2015 మేలో వడగాడ్పులకు దేశంలో రెండు వేల మందికి పైగా పోయారు. వాళ్ళలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణల వాళ్ళే. వడదెబ్బ అనగానే ఎండలో పనిచేసే ఉపాధి కూలీలూ, తాపీ పనివాళ్ళూ గుర్తొస్తారు. కానీ గడప దాటని ముసలివాళ్ళకు ఇంట్లోనే వడదెబ్బ తగులుతుంది. పగలంతా కాగిన గది రాత్రికీ చల్లారకపోతే ఒంటికి తెరిపి ఉండదు. రెండు మూడు రాత్రులు అలా గడిస్తే బలహీనమైన గుండె తట్టుకోలేదు. అందుకే ఇంటి విషయంలో మధ్యాహ్నపు వేడికంటే రాత్రి పదకొండు గంటల వేడిని ఎక్కువ లెక్కలోకి తీసుకోవాలి.

కప్పు దగ్గర మొదలుపెడదాం. మే మధ్యాహ్నం చదరపు మీటరు డాబా మీద పడే ఎండ దాదాపు ఒక కిలోవాట్. వంద గజాల డాబా అంటే సుమారు 84 చదరపు మీటర్లు. అంటే ఆ వేళ నెత్తిమీద ఎనభై దాకా రూమ్ హీటర్లు వెలుగుతున్నట్టే. బూడిద రంగు సిమెంటు అందులో మూడింట రెండు వంతులు పీల్చుకుంటుంది. చాలాభాగం తిరిగి గాలిలోకే పోయినా, మిగిలింది నాలుగైదు అంగుళాల కాంక్రీటులోంచి మెల్లగా కిందికి దిగుతుంది. దిగడానికి కొన్ని గంటలు పడుతుంది కాబట్టి, ఒంటిగంటకు పడిన ఎండ మనం భోజనాలు చేసే వేళకు సీలింగులోంచి బయటపడుతుంది. పడుకునే ముందు మంచమెక్కి సీలింగుకు చెయ్యి ఆనిస్తే చాలు, ఈ లెక్క అంతా అరచేతికి అందుతుంది. ఆ వేడికి ఫ్యాను చేసేదేమీ లేదు. పైనున్న వేడిగాలినే కిందికి నెడుతుంది.

కేంద్ర ఇంధన సామర్థ్య బ్యూరో ఇళ్ళ కోసం 2018లో ‘ఎకో నివాస్ సంహిత’ అనే నియమావళి తెచ్చింది. కప్పు గుండా చదరపు మీటరుకు, ఒక డిగ్రీ తేడాకు 1.2 వాట్లకు మించి వేడి దిగకూడదని అందులో హద్దు పెట్టింది. మనం వేసుకునే ఉత్త స్లాబు గుండా దిగేది దానికి దాదాపు మూడింతలు. కాగితం మీద నియమానికీ, వీధిలో లేచే ఇంటికీ మధ్య దూరం ఇదీ.

పాత ఇళ్ళు ఈ పరీక్ష ఎలా నెగ్గాయి? మండువా లోగిట్లో బంగళా పెంకు కింద ఎత్తైన కప్పు, దాని కింద అటక. పెంకుల సందుల్లోంచి వేడిగాలి పైకి పోయేది, మండువాలోంచి చల్లగాలి దిగేది. రాయలసీమ మట్టి మిద్దెలో దూలాలు, వాటిమీద కట్టెలు, ఆపైన జానెడు మందాన మట్టి. ఏటా వానలకు ముందు చవుడు పరిచి తొక్కేవాళ్ళు. గోడ మందం మూరకు తక్కువ ఉండేది కాదు. పగటి వేడి లోపలికి చేరేలోపు పొద్దు గుంకేది. ఇదంతా నిజమే. అయితే ఆ ఇళ్ళ గురించి మాట్లాడేటప్పుడు మన గొంతులో తీపి కాస్త ఎక్కువవుతుంది. మిద్దెలు చీకటి, వంటింట్లో పొగ, వానాకాలం ఉరుపులు, ఏటా మట్టిపని. తాటాకు ఇళ్ళు చల్లగా ఉండేవి, ఎండాకాలంలో నిప్పురవ్వ పడితే వరసంతా బూడిదయ్యేవి. తుఫాను తీరాల్లో ఎగిరిపోయేవి. జనం స్లాబుకు మారింది బుద్ధి లేక కాదు. మళ్ళీ మట్టి మిద్దెలకు పొమ్మనే సలహా, చల్లని గదిలో కూర్చున్నవాళ్ళు మాత్రమే ఇవ్వగలిగేది. వాటి నుంచి తెచ్చుకోదగ్గవి రెండే. కప్పు మీద ఒక అడ్డు, గోడకు ఒక నీడ.

అడ్డు పెట్టడానికి అన్నిటికంటే చవకైన పద్ధతి సున్నం. శుభ్రమైన తెల్లటి కప్పు ఎండలో డెబ్బై శాతం పైగా వెనక్కి కొట్టేస్తుంది. 2017లో హైదరాబాదు దేవరకొండ బస్తీలో పాతిక ఇళ్ళ మీద తెల్లటి పొర పరిచి చూస్తే లోపల రెండు డిగ్రీల దాకా తేడా కనిపించింది. వినడానికి చిన్న అంకె. రాత్రి నిద్ర పట్టడానికీ పట్టకపోవడానికీ మధ్య ఉండే తేడా కూడా ఇంచుమించు అంతే.

కాకపోతే సున్నం వేయడంలో పనితనం ఉంది. డాబా ఊడ్చి, మూలల్లో ఎండిన పాచి ఇనుప బ్రష్షుతో గీకి, కడిగి, పగుళ్ళు పూడ్చాలి. సున్నం ముందురోజు రాత్రే నానబెట్టి, పొద్దున పలుచటి గుడ్డలో వడగట్టి, ఫెవికాల్ లాంటి జిగురు కలపాలి. కాగిన స్లాబు మీద వేస్తే బ్రష్షు తీయకముందే నీరు ఇగిరిపోయి, రెండోరోజుకు పిండిలా రాలుతుంది. అందుకని తెల్లవారుజామునో, పొద్దు వాలాకో, స్లాబు తడిపి వేయాలి. మొదటి పూత పలుచగా నిలువునా, అది ఆరాక రెండోది అడ్డంగా. కంట్లో పడకుండా చూసుకోవాలి. సున్నం కంటికి పెద్ద ప్రమాదం. ఇంత చేసినా వానలకు చాలావరకు కడుక్కుపోతుంది, మళ్ళీ ఏడు మళ్ళీ వేయాలి. నాలుగైదేళ్ళు ఉండాలంటే బజారులో దొరికే కూల్ రూఫ్ పూతలు వాడాలి, లేదా తెల్ల టైలు ముక్కలు పరిపించాలి. ఏది వేసినా దుమ్ము పడితే పనితనం పడిపోతుంది. మే మొదట్లో ఒకసారి కడిగితే మళ్ళీ కొత్తదానిలా పనిచేస్తుంది. ఈ మాట పూత అమ్మేవాళ్ళు చెప్పరు.

నీడ ఇంకా మేలు, ఎందుకంటే ఎండ స్లాబును తాకనే తాకదు. పందిరి వేసి సొర, బీర పాదులు పాకించినా, షేడ్ నెట్ కట్టినా, సోలార్ ఫలకలు ఎత్తుగా నిలబెట్టినా ఫలితం అదే. నెట్ స్లాబుకు అంటుకుని ఉండకూడదు, కింద గాలి ఆడాలి. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్ల ఫలకలకు రూ. 78,000 రాయితీ వస్తుంది. కరెంటు లెక్కే తప్ప కింద గదికి దొరికే నీడ లెక్క ఎవరూ వేయడం లేదు. పెట్టేదేదో పడకగది మీద పెట్టించుకుంటే రెండూ కలిసొస్తాయి. మిద్దెతోటల మీద నాకు కొంచెం అనుమానం. తడిమన్ను బరువు, కారే నీళ్ళు లెక్క చూసి చేస్తే మంచివే. చూడకుండా చేస్తే మేడమీద చల్లదనం కింద గోడల్లో చెమ్మవుతుంది.

తర్వాతది పడమటి కిటికీ. సాయంత్రం నాలుగింటికి సూర్యుడు కిందికి దిగి అద్దంలోంచి సూటిగా చూస్తాడు. నాలుగడుగుల వెడల్పు, ఐదడుగుల ఎత్తు కిటికీ గుండా అప్పుడు వచ్చే వేడి సుమారు ఒక కిలోవాట్, మరో రూమ్ హీటర్. పైన కట్టే అడుగున్నర సన్‌షేడ్ దక్షిణానికి పనికొస్తుంది కానీ, వాలిన ఎండను ఆపలేదు. లోపల వేసే మందపాటి కర్టెన్ కూడా చాలా తక్కువే ఆపుతుంది. అప్పటికే ఎండ అద్దం దాటి లోపలికొచ్చింది, కాగిన కర్టెన్ ఆ వేడిని గదికే పంచుతుంది. అడ్డు బయట ఉండాలి. వెదురు తెరలు, తాటాకు తడికలు, గోనెపట్టాలు, ఏదైనా సరే, అద్దానికి అవతల. స్థలం ఉంటే పడమట ఒక వేప.

ఇక్కడ ఒక చిక్కు చూడండి. వాస్తు చెప్పేవాళ్ళు యజమాని పడకగది నైరుతిలో పెట్టిస్తారు. వేసవి సాయంత్రాల్లో ఇంట్లో ఎక్కువగా కాగే మూల అదే. నైరుతి గోడలు మందంగా, బరువుగా ఉండాలని కూడా ఆ శాస్త్రమే చెప్పింది. మనం గదిని ఉంచుకుని మందాన్ని వదిలేశాం. నాలుగున్నర అంగుళాల గోడకు పెద్ద అద్దం బిగించి, దానిపక్కనే మంచం వేసి, ఇంట్లో మొదటి ఏసీ ఆ గదికే కొంటున్నాం.

గాలి సంగతి వచ్చేసరికి ఊరిని బట్టి శాస్త్రం మారుతుంది. వాతావరణ శాఖ కూడా ఈ తేడా పాటిస్తుంది. మైదానాల్లో కనీసం 40 డిగ్రీలు ఉండి, మామూలుకంటే నాలుగున్నర డిగ్రీలు మించితే వడగాడ్పు అంటుంది. తీరంలో 37 డిగ్రీలకే ఆ మాట వాడుతుంది. తెలంగాణ, రాయలసీమలో పగలు గాడ్పు కొట్టినా తెల్లవారుజాముకు బయట చల్లబడుతుంది. పొద్దున ఏడున్నరకల్లా తలుపులు, కిటికీలు బిగించి, బయటిగాలి లోపలికంటే చల్లబడ్డాకే తెరిచే ఇంట్లో తేడా స్పష్టంగా తెలుస్తుంది. ‘గాలి ఆడనీ’ అని పగలంతా బార్లా తెరిచిపెట్టే అలవాటు ఇక్కడ నష్టమే. రాత్రి తెరవడానికి దోమలూ దొంగలూ అడ్డు. మెష్ బిగిస్తే గాలి సగమవుతుంది. అప్పుడు వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యానును రాత్రంతా తిప్పితే పడకగది కిటికీలోంచి చల్లగాలి ఇంట్లోకి లాక్కుంటుంది. ఇంత చవక ఏర్పాటును ఎందుకో చాలామంది వాడుకోరు.

నీళ్ళ దగ్గర ఈ తేడా ఇంకా పెద్దది. ఒక లీటరు నీరు ఆవిరైతే సుమారు మూడింట రెండు యూనిట్ల కరెంటుకు సమానమైన వేడిని పట్టుకుపోతుంది. కుండలో, రంజన్లో నీళ్ళు చల్లబడటం, మన చెమట, కూలర్ అన్నిటి వెనకా ఉన్న లెక్క ఇదే. కరీంనగర్‌లో 42 డిగ్రీల ఎండ, గాలిలో తేమ 20 శాతం ఉన్న మధ్యాహ్నం కూలర్లోంచి 28, 29 డిగ్రీల గాలి వస్తుంది. కాకినాడలో 36 డిగ్రీలు, 65 శాతం తేమ ఉన్నప్పుడు అదే కూలర్ ఇచ్చేది 32కు కాస్త అటూఇటూగా తడిగాలి. ఒంటిమీద చెమట ఆరదు, దుప్పటి బంకగా తగులుతుంది. కోస్తా వాళ్ళు కూలర్‌ను తిట్టడం, తెలంగాణ వాళ్ళు మెచ్చుకోవడం రెండూ న్యాయమే. పడమటి గాడ్పు తగిలే రెంటచింతల లాంటి చోట మాత్రం కోస్తా జిల్లాల లెక్క చెల్లదు, అక్కడ కూలర్ బంగారంలా పనిచేస్తుంది.

పనిచేసే చోట కూడా దాన్ని గది మధ్యలో పెట్టి తలుపులేస్తే గంటలో గది ఉక్కపోతతో నిండుతుంది. కూలర్ వీపు కిటికీ బయటికి ఉండాలి, ఎదురుగా మరో కిటికీ జానెడు తెరిచి ఉండాలి. బోరు నీళ్ళ ఉప్పు గడ్డి ప్యాడ్లకు పట్టి గాలికి దారి మూసేస్తుంది కాబట్టి ప్యాడ్లు ఏటా మార్చాలి. తొట్టి వారానికోసారి ఖాళీ చేసి తుడవకపోతే డెంగీ దోమను పెంచినట్టే. వట్టివేళ్ళ తడికలు తడిపి వేలాడదీసే పాత పద్ధతిలోనూ సూత్రం ఇదే, పరిమళం అదనం. సాయంత్రం డాబా మీద నీళ్ళు చల్లడం కూడా మూఢనమ్మకం కాదు. పదిహేను లీటర్ల బకెట్ పూర్తిగా ఆవిరైతే పది యూనిట్ల వేడి పోతుంది. కానీ ట్యాంకర్ కోసం బిందెలు వరసపెట్టే బస్తీలో ఈ సలహా ఇవ్వడానికి నోరు రాదు.

ఫ్యాను గురించి రెండు మాటలు చాలు. అది గదిని చల్లబరచదు, మనిషి చెమటను ఆరబెడుతుంది. ఎవరూ లేని గదిలో తిరిగే ఫ్యాను దండగ. గదిలో 40 డిగ్రీలు దాటితే అది వేడిగాలిని ఒంటికేసి కొడుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిస్తుంది. అప్పుడు తడిగుడ్డతో ఒళ్ళు తుడుచుకుంటూ దాని కింద కూర్చోవాలి. ముసలివాళ్ళకు చెమట సరిగా పట్టదు కాబట్టి వాళ్ళకు ఇది మరీ అవసరం. మాట తడబడుతూ, ఒళ్ళు కాలిపోతుంటే ఇక చిట్కాలు ఆపి, తడిబట్ట కప్పి 108కి ఫోన్ చేయడమే. పాత ఫ్యాన్లు 75 వాట్ల దాకా తింటాయి, బీఎల్‌డీసీ రకం 30 వాట్ల చుట్టూ. రోజంతా తిరిగే ఇంట్లో మార్చుకోవడం లాభమే.

ఏసీని శత్రువుగా చూడనక్కర్లేదు. ఉక్కపోత రాత్రుల్లో విశాఖలోనో మచిలీపట్నంలోనో గుండెజబ్బున్న పెద్దాయనకు దానికి చవకైన ప్రత్యామ్నాయం నిజంగా లేదు. 2019 నాటి దేశ శీతలీకరణ ప్రణాళిక ప్రకారం అప్పటికి దేశంలో నూటికి ఎనిమిది ఇళ్ళలోనే ఏసీ ఉంది. అది పెరుగుతుంది, పెరగాలి కూడా. అభ్యంతరం దాన్ని వాడే తీరు మీద. 2020 నుంచి కొత్త ఏసీలు 24 డిగ్రీల దగ్గరే మొదలవ్వాలని నిబంధన ఉంది. ఒక్కో డిగ్రీ పెంచితే ఆరు శాతం దాకా కరెంటు ఆదా. అయినా రిమోట్ చేతికి రాగానే 18 నొక్కి దుప్పటి కప్పుకునే ఇళ్ళు కొల్లలు. నడినెత్తిన ఉత్త స్లాబు ఉన్న పన్నెండడుగుల గదిలో, నా లెక్క ప్రకారం, ఒకటిన్నర టన్నుల ఏసీ బలంలో మూడోవంతు దాకా కప్పు వేడిని ఎత్తిపోయడానికే పోతుంది. పైపెచ్చు ఏసీ వేడిని చంపదు, బయటికి తరలిస్తుంది. అపార్టుమెంటు సందులో ఎదురెదురుగా బిగించిన బయటి యూనిట్లు ఒకదాని ఊపిరి ఒకటి పీలుస్తూ, ఏసీ లేని ఇంటి వంటింటి కిటికీలోకి వదులుతుంటాయి.

వంటింటి మాట వచ్చింది కాబట్టి: గ్యాస్ పొయ్యి మంటలో దాదాపు సగం గిన్నెకు తగలకుండా గదిలోకే పోతుంది. ఎండ ముదరకముందే వంట ముగించే అలవాటు, చద్దన్నం, మజ్జిగ, అంబలి మన పెద్దవాళ్ళు ఒంటికోసం చెప్పినా ఇంటికీ మేలు చేసేవే. ఈ పని మాత్రం ఇంట్లో ఒక్కరి మీదే పడుతుంది. హాల్లో కూలర్ పెట్టుకుని, 40 డిగ్రీల వంటింట్లో గాలి రాని మూల చపాతీలు కాల్పించే ఇంటిని చల్లని ఇల్లు అనలేం.

ఇంతవరకు చెప్పింది స్లాబు ఉన్నవాళ్ళ సంగతి. సిమెంటు రేకుల కింద బతికేవాళ్ళ లెక్క వేరు. రేకుకు మందం లేదు కాబట్టి ఎండ పడిన నిమిషాల్లోనే వేడి కిందికి దిగుతుంది. మధ్యాహ్నం బయట వేపచెట్టు నీడకంటే లోపలే ఎక్కువ. ఊళ్ళలో రేకుల మీద వరిగడ్డి, కొబ్బరి మట్టలు కప్పుతారు. బస్తీల్లో పాత ఫ్లెక్సీలు. గడ్డితో నిప్పు భయం ఉంది. రేకు మీద తెల్ల పూత, కింద జానెడు ఖాళీ వదిలి వెదురు చాప సీలింగు, గోడ పైఅంచున వేడిగాలి పోవడానికి కంతలు, ఈ మూడూ చేరితే రేకుల గది మనిషి ఉండదగ్గదవుతుంది. రాత్రి మాత్రం రేకు స్లాబుకంటే త్వరగా చల్లారుతుంది. ఆ ఒక్క విషయంలో పేదవాడి కప్పుదే పైచెయ్యి.

2023 ఏప్రిల్లో తెలంగాణ దేశంలోనే మొదటిసారి కూల్ రూఫ్ విధానం తెచ్చింది. 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల కప్పులు చల్లబరచాలని, అందులో 200 హైదరాబాదు పరిధిలోనే ఉండాలని లక్ష్యం. చదరపు మీటరుకు రూ. 300 ప్రాంతంలో ఖర్చవుతుందని అప్పట్లో అంచనా చెప్పారు. పన్నెండడుగుల గది కప్పుకు నాలుగు వేలు. మంచి విధానమే. ప్రభుత్వ, వాణిజ్య భవనాలకు తప్పనిసరి చేశారు. ఇళ్ళ విషయంలో తప్పనిసరి అన్నది 600 గజాలకు పైబడిన స్థలాలకే. అంత స్థలం ఉన్నవాళ్ళకు ఏసీ కూడా ఉంటుంది. అరవై, డెబ్బై గజాల్లో మూడంతస్తులు లేపి, పై అంతస్తు అద్దెకిచ్చిన ఇళ్ళు ఐచ్ఛికం కింద మిగిలిపోయాయి. 2025 ఏప్రిల్లో అదే రాష్ట్రం వడగాడ్పును విపత్తుగా ప్రకటించి, చనిపోయినవారి కుటుంబానికి పరిహారం రూ. 4 లక్షలకు పెంచింది. అందులో చిన్న వాటా కప్పుల మీద ముందుగా పెడితే ఎలా ఉంటుందన్న ప్రశ్న అడగదగ్గదే.

అసలు ముడి అద్దె దగ్గర పడుతుంది. పై అంతస్తు అద్దె తక్కువ, ఎందుకంటే అది కాగుతుంది. స్లాబు ఇంటాయనది, కరెంటు బిల్లు అద్దెవాళ్ళది. సున్నం వేయిస్తే చల్లబడేది అద్దెవాళ్ళ గది కాబట్టి ఇంటాయనకు తొందర లేదు. ఏడాదిలో ఖాళీ చేసే ఇంటికి సొంత డబ్బు పెట్టడానికి అద్దెవాళ్ళకు మనసొప్పదు. ‘అంకుల్, సున్నం బస్తా నేను తెస్తా, మనిషి కూలి మీరివ్వండి’ అని ఫిబ్రవరిలో అడిగితే చాలామంది ఒప్పుకుంటారు. మేలో అడిగితే ఒప్పుకున్నా పని జరగదు. అప్పటికి రంగులేసేవాళ్ళంతా పెళ్ళిళ్ళ ఇళ్ళలో ఉంటారు. వానలకు ఆ డాబా కారుతుందన్న భయం ఇంటాయనకు ఎప్పుడూ ఉంటుంది కాబట్టి, నీళ్ళు ఆపే తెల్లపూత అంటే ఆయనకూ పని కలిసొస్తుంది. చల్లదనం పేరెత్తకుండా కురవడం గురించి మాట్లాడి పని జరిపించుకున్న అద్దెవాళ్ళు చాలామందే ఉన్నారు.